కమాన్ పట్టీల గంట స్టాండు

శాంతయ్యకు మూడెకరాల వేరుశనగ చేను, ఒక పాత వెల్డింగ్ మిషన్ ఉన్నాయి. మొదటిది బతుకు, రెండోది సరదా. పత్తికొండలో ఓబులేసు పాత ఇనుము కొట్టు ముందు కూర్చుని, గేట్లు చేసేవాళ్లు వదిలేసిన ముక్కలు ఏరుకోవడమంటే ఆయనకు తిరనాళ్లే. ఆయన చేసిన బల్లలు కుంటుతాయని ఊళ్లో నవ్వుతారు. అందుకే చర్చివాళ్లు గంటకు స్టాండు చేయమని తామే వచ్చి అడిగితే, రెండు వారాలు తిండి ధ్యాస లేకుండా చేశాడు. గురువారం సాయంత్రం గంట వేలాడదీశారు. ఇంకా మోగలేదు.

మర్నాడు, శుక్రవారం పొద్దున ఇనుప ముక్కలు ఏరుతుంటే ఓబులేసు అడిగాడు.

"పోయిన నెల లారీ కమాన్ పట్టీలు తీసకపోతివే, ఏం జేసినావప్పా?"

"గంట స్టాండుకు పైన అడ్డం ఏసినా. లారీ బరువు మోసినవి, వాటికి గంట ఒక లెక్కా?"

ఓబులేసు నవ్వలేదు. "అతికినంక నీళ్లు పోసినావా?"

"పోసినా. బిన్నా సల్లారుతాదని."

"కొంప ముంచినావు! అది శానా బిరుసు ఇనుమప్పా. ఏడి మీద నీళ్లు పడితే అతుకు పక్కన గాజు మాదిరి పగులుతాది. కంటికి కనపడదు. డీజిల్ పూసి, తుడిచి, సుద్దపొడి సల్లు. పగులుంటే గీత తేలుతాది."

నీళ్లు పోసినప్పుడు టింగుమన్న చప్పుడు శాంతయ్యకు గుర్తొచ్చింది. స్టాండు ఇప్పట్నుంచే మోగుతోందని అప్పుడు మురిసిపోయాడు.

పదకొండుకు ఉపవాస ప్రార్థన. గంట కొట్టేది ఆయన భార్య కృపమణి. ముప్పై కిలోల గంట కిందే నిలబడి తాడు లాగాలి. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ప్రార్థనకు పోయేటప్పుడు ఆమె ఫోన్ ఇంట్లోనే వదిలేస్తుంది.

ఏరిన ముక్కలు అక్కడే పడేసి ఆటో ఎక్కాడు. ఊరు దగ్గరపడేకొద్దీ చెవులు రిక్కించాడు. గంట వినబడితే ఒక భయం, వినబడకపోతే ఇంకో భయం.

చర్చి ముందు కృపమణి తాడు అందుకుంటోంది.

"లాగొద్దు!"

"ఏమైందయ్యా, తేలు కుట్టినట్ల అరుస్తాండావు?"

"ముందు ఇవతలికి రా. అతుకు మీద నాకు అనుమానం ఉండాది."

"బల్లలే గాదు, గంట గూడా కుంటుతాదా శాంతన్నా?" అంది వెనక నుంచి, ప్రార్థనకొచ్చిన గురమ్మ. ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

ఆటోవాడినడిగి గుడ్డకు డీజిల్ పట్టించి, చర్చిలోని సుద్దముక్క నలిపి తీసుకుని శాంతయ్య నిచ్చెనెక్కాడు. పూశాడు, తుడిచాడు, సుద్దపొడి చల్లాడు. ఏమీ తేలకూడదని పెదవులు కదుపుతూ చూశాడు. కాసేపటికి తెల్లటి పొడి మీద వెంట్రుకంత నల్లటి గీత, ఈ అంచు నుంచి దాదాపు ఆ అంచుదాకా.

నవ్వులాగిపోయాయి. నలుగురు పట్టి గంటను మెల్లగా గోనెసంచుల మీదికి దించారు. కృపమణి ఆ గీతను చూసింది, తాను నిలబడిన చోటును అంతకంటే ఎక్కువసేపు చూసింది.

"బాగుండాది. ఇంగ గంట పని నువ్వే సెయ్యి. ఇల్లిల్లూ తిరిగి పిల్చకరాపో" అంది.

మొదటి ఇంటి అరుగు మీదే కంబన్న అడ్డుపడ్డాడు. "ఏమప్పా, నీ గంట యాడ?"

"దించినాం" అన్నాడు శాంతయ్య, చేతికంటిన సుద్ద తుడుచుకుంటూ. "నేను అతికింది పగిలింది. ప్రార్థనకు రాండి."