తొక్కు తూచి దేశం చెప్పిన రోజులు

ఆ రోజుల్లో ఏ దేశం మంచిదో కోరుట్లలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. ఒక్క దేశమూ చూడకపోవడమే నాకున్న చిన్న లోపం. ఎనిమిదో తరగతిలో సాంఘికశాస్త్రం సారు గోడకు ఆసియా పటం తగిలించి, అరబ్బు దేశాలు ఎక్కడున్నాయో చూపించమంటే నేను నేరుగా సముద్రంలో వేలు పెట్టాను. "గాడ మనుషులుండర్రా, చాపలుంటయి" అన్నాడు సారు. తరగతంతా నవ్వింది. అందరికంటే ముందు నేనే నవ్వాను (నా మీద నవ్వేదేదో నేనే మొదలుపెడితే దెబ్బ తక్కువ తగులుతుందని అప్పటికే కనిపెట్టాను). ఆ ఏడే బడికీ నాకూ తెగిపోయింది. బడే నన్ను వదిలించుకుందని అమ్మ అంటుంది, నేనే బడిని వదిలేశానని నేనంటాను, ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. అలా సముద్రంలో వేలు పెట్టినవాణ్ని పట్టుకొని, ఐదారేళ్లు తిరిగేసరికి, మీసాలున్న మనుషులు "ఏ దేశం పోతే మంచిగుంటది తమ్మీ?" అని అడగడం మొదలుపెట్టారు. అడిగినవాళ్లది తప్పా, జవాబు చెప్పినవాడిది తప్పా అని మీరు నన్నడక్కండి. నాకు తెలుసు.

నేను పనిచేసేది బస్టాండు దగ్గర సుతిలి కాక దుకాణంలో. గల్ఫుకు పోయేవాళ్ల సామాను అట్టపెట్టెల్లో సర్ది, తాడు బిగించి, పైన పేరు రాసిచ్చే దుకాణం అది. (కాక చెవి మీద బీడీ ఉండాల్సిన చోట ఎప్పుడూ మూరెడు సుతిలి వేలాడుతుండేది, అందుకని ఆ పేరు.) తాడు లాగి ముడెయ్యడం, నల్ల మార్కరుతో దిగే ఊరి పేరు ఇంగ్లీషులో రాయడం నా పని. నాకొచ్చిన ఇంగ్లీషంతా దుబాయ్, దోహా, దమ్మామ్, మస్కట్, కువైట్. నా సొంత పేరు రాయాలంటే తడుముకునేవాణ్ని కానీ దమ్మామ్ కళ్లు మూసుకొని రాసేవాణ్ని. దుకాణం ముందు ఒక బల్ల. చుట్టీ మీద, అంటే సెలవు మీద, ఊరికొచ్చినవాళ్లంతా మధ్యాహ్నం దాని మీద చేరి, అక్కడ ఉన్నన్ని రోజులు తిట్టుకున్న దేశాన్నే ఇక్కడ కూర్చొని పొగుడుతుండేవాళ్లు. దేశానికొక వకీలు. వాళ్లలో పెద్దవాడు మేం దుబాయ్ మామ అని పిలిచే ఆయన.

"దుబాయ్ అంటే దుబాయే. రోడ్డు మీద అన్నం ఒంపుకొని తినొచ్చు, గంత సాఫ్ ఉంటది" అనేవాడు మామ.

"మరి గంత మంచి దేశంల కూర దొరుకదా మామా? గీ ఐదు కిలోల మామిడికాయ తొక్కెందుకు కట్టిచ్చుకుంటున్నవ్? రోడ్డు మీద ఒంపుకున్న అన్నంలకా?" అని నేనందుకున్నాను.

బల్ల మొత్తం పగలబడి నవ్వింది. మామ కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే నా సిద్ధాంతం పుట్టింది. మా దిక్కు పచ్చడిని తొక్కంటాం. పెట్టె కట్టేముందు అన్నీ తూకం వేసేది నేనే కదా, ఎవరు ఎంత తొక్కు తీసుకుపోతున్నారో నాకు నోటికొచ్చు. తిండి బాగున్న దేశానికి తొక్కు ఎందుకు? కాబట్టి ఎంత తక్కువ తొక్కు పోతే అంత మంచి దేశం. దుబాయ్‌కి ఐదు కిలోలు, ఫర్వాలేదు. మస్కట్ పోయేవాళ్లు ఏడేసి కిలోలు కట్టించుకునేవాళ్లు, అంటే నరకం అన్నమాట. కువైట్ పోయేవాళ్లలో చాలామంది తెచ్చేది అరకిలో సీసా ఒకటి. ఇక వేరే సాక్ష్యం దేనికి? "కువైట్ నంబర్ వన్!" అని బల్ల మీద చరిచి తీర్పు చెప్పేవాణ్ని. కాక మాత్రం చెవి మీది సుతిలి సవరించుకుంటూ "నువ్వు ఇమానం ఎక్కకుండనే దేశాలన్ని తిరిగినవ్‌రా" అనేవాడు. నేను దాన్ని మెచ్చుకోలు కిందే జమేసుకున్నాను.

అక్కను సిరిసిల్లకు ఇచ్చాం. బావది సాంచెల మీద పని (మరమగ్గాన్ని అక్కడ సాంచ అంటారు). ఆ ఏడు సాంచెలు వారంలో సగం రోజులు ఆగే ఉంటున్నాయి. బావ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ సాంచెల చప్పుడులో పదేళ్లు నిలబడ్డవాళ్లకి మాట కంటే సైగ అలవాటు. తప్పనిసరిగా చెప్పాల్సిన మాట ఉంటేనే దగ్గరికొచ్చి, చెవిలో నోరు పెట్టి చెబుతారు. అందుకే చెవిలో చెప్పిన మాటకు అక్కడ విలువెక్కువ. అంత దగ్గరికొచ్చి అబద్ధం చెప్పే ఓపిక ఎవరికుంటుంది? మేనకోడలి పుట్టువెంట్రుకలకు పోయిన నేను బావను చూద్దామని సాంచెల దగ్గరికి పోతే, ఆయన తెగిన పోగు ముడేస్తూనే నా చెవి దగ్గరికి వంగాడు.

"రెండు ఈసాలున్నయి. ఒకటి కువైట్ల ఇంటి పని, ఒకటి మస్కట్ల కంపెనీ పని. ఏది మంచిది?"

నేను ఒక్క క్షణం కూడా ఆగలేదు. బావ చెవికి నోరానించి, దేవుడు వరమిచ్చినంత ధైర్యంగా అరిచాను. "కువైట్!"

బావ తలూపి మళ్లీ పోగు అందుకున్నాడు. నేను కోరుట్లకొచ్చి ఆ సంగతే మరిచిపోయాను. చెప్పినవాడికి మరుపు తొందరగా వస్తుంది.

పది రోజుల తర్వాత ఒక పొద్దున మల్లాపూర్ దిక్కునుంచి ఒకాయన పెట్టె కట్టించుకోవడానికి వచ్చాడు. కువైట్‌లో ఒకరింట్లో డ్రైవరు. సామానులో తొక్కు అరకిలో సీసా ఒక్కటే. నాకు నోరాగుతుందా?

"ఏందన్నా, మీ దేశంల రాజభోగం ఉన్నట్టున్నది! తొక్కు నాలికకు రాస్కునేటంత సుత లేదు."

ఆయన నవ్వలేదు. సీసా మూత మరోసారి బిగించి చూసుకున్నాడు.

"మేముండేది వాళ్లింట్ల తమ్మీ. మూత తీస్తే మేడమ్‌కు వాసన పడదు. ఎప్పుడన్న మనసైతే కారుల కూసోని, అద్దాలు దించుకొని, రెండు ముద్దలు తింట. అరకిలో రెండేండ్లస్తది." పెట్టె నా వైపు జరిపి, "జెర ముడి గట్టిగెయ్యి. కారితే బట్టలన్ని వాసనొస్తయి, మల్ల లొల్లి" అన్నాడు.

ముడి వేశాను. ఎంత గట్టిగా వేశానో తాడు అరచేతిలోకి దిగింది. తొక్కు తక్కువ పోయేది అక్కడి కూర రుచికి కాదు. మూత తీసుకునే జాగ లేక. ఆయన పెట్టె నెత్తికెత్తుకొని బస్సు దిక్కు నడుస్తుంటే నాకు సిరిసిల్లలో తలూపిన బావ కనబడ్డాడు. వెంటనే ఫోన్ చేశాను. ఎత్తింది అక్క.

"మీ బావ పొద్దుగాలనే జగిత్యాల పోయిండు తమ్మీ, ఏజెంటుకు పాస్‌పోర్టు ఇయ్యనీకి. బిడ్డకు జరమున్నది, ఏమన్న అక్కరపడ్తదని ఫోను నాకే ఇడిసిపెట్టిండు. రాత్రంత సాంచెల మీదున్నడు, కండ్లు సుత మూయలే." ఆ తర్వాత, గొంతు కాస్త తగ్గించి, "ఇన్ని రోజులు నాకు ఎట్లనో ఉండె. నువ్వు కువైటే మంచిదని చెప్పినవంట గదా, గప్పటి సంది నిమ్మళంగున్నది. ఇంతకు ఎందుకు చేసినవ్?"

"ఏం లేదక్కా. ఉట్టిగనే."

నా జీవితంలో ఎవరూ నా మాట విని నిమ్మళంగా ఉన్నది లేదు. అమ్మకైతే నేను నోరు తెరిస్తేనే భయం. అలాంటిది ఒక మనిషి నిమ్మళపడింది, అదీ అబద్ధానికి. కాకకు "కడుపునొస్తుంది" అని చెప్పి జగిత్యాల బస్సెక్కాను. ఆ దారి నాకు అంగుళం అంగుళం తెలుసు, ఆ రోజు మాత్రం ఎవరో దాన్ని గుంజి పొడుగు చేసినట్టుంది. డ్రైవరు ప్రతి చెయ్యికీ బస్సాపాడు. ఒకామె కోళ్ల గంప ఎక్కించడానికి పట్టిన సేపట్లో నేను బావను కువైట్ పంపేశాను, అద్దాలు దించిన కారులో కూర్చోబెట్టాను, అక్క చేత తిట్లు తిన్నాను. పక్కాయన "ఏం తమ్మీ, పరీక్షనా?" అని అడిగాడు. అవును, కాదు అని రెండూ చెప్పాను. మామూలుగా అయితే ఆయన మీద నాలుగు జోకులు వేసేవాణ్ని. ఒక్కటీ నోటికి రాలేదు. అప్పుడు అసలు భయమేసింది.

ఏజెంటు ఆఫీసు బట్టల దుకాణం మీద, ఇరుకు మెట్లెక్కితే పైన. రేకుల వరండాలో బెంచీల మీద ఏడెనిమిది మంది, అందరి ఒళ్లో ప్లాస్టిక్ కవర్లు. తలుపు పక్కనే, తరువాతి వంతులో, బావ. కూర్చునే నిద్రపోతున్నాడు. గడ్డం ఛాతీకి ఆనింది. కవరు మోకాలి మీద ఉంది, కుడిచేతి వేళ్లు రెండు నిద్రలోనే కదులుతున్నాయి, తెగిన పోగు ముడేస్తున్నట్టు. లోపలినుంచి "తర్వాత ఎవరు?" అని కేక వినబడింది. నాకు ఇంకేం తోచలేదు. కవరు లాక్కున్నాను.

"ఏయ్! పాస్‌పోర్టు గుంజుకపోతున్నడు! పట్టుండ్రి!"

నలుగురు లేచారు. ఒకాయన నా కాలరు పట్టాడు, ఇంకొకాయన ముందు జాగ్రత్తగా నా చెప్పు తొక్కిపెట్టాడు. ఏజెంటు తలుపులోంచి "ఏంది లొల్లి?" అన్నాడు. బావ కళ్లు తెరిచి, నన్నూ కాలరునూ కవరునూ వరసగా చూసి, తొందరేం లేకుండా అన్నాడు.

"ఇడిసిపెట్టుండ్రి. మా బామ్మర్ది. దొంగతనం చేసేటంత దైర్నం లేదు."

నేను వంగి బావ చెవిలో చెప్పాను. ఆ రేకుల కింద సాంచెలూ లేవు, చప్పుడూ లేదు. అయినా చెవిలోనే చెప్పాలనిపించింది. నాకు ఏ దేశమూ తెలియదని చెప్పాను. తొక్కు తూచి చెప్పానని చెప్పాను. మల్లాపూర్ డ్రైవరు, కారు అద్దాలు, అరకిలో సీసా, అన్నీ చెప్పాను. (చెవిలో చెబుతున్నాననుకున్నాను కానీ కంగారులో నా గొంతు వరండా అంతా వినబడిందని తర్వాత తెలిసింది.) తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. బావ కవరు వైపు చూస్తూ ఒక్క మాటన్నాడు.

"మరి చెవుల చెప్పినవ్ గదా?"



కాలరు పట్టినాయన దాన్ని వదలకుండానే అడిగాడు. "మరైతే ఏ దేశం మంచిదయ్యా? మేము గూడ కువైట్ ఇంటి పనికే కూసున్నం."

"నాకు తెల్వదన్నా" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదలు. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? "తెల్వది గాని, తొక్కు డబ్బ మూత ఎవ్వలకు భయపడకుండ తీసే జాగ ఏడున్నదో గది చూస్కోండ్రి. మస్కట్ కంపెనీలకు పోయేటోళ్లు ఏడేసి కిలోలు కట్టిచ్చుకుంటరు. ఒక్కడైతే గంత తినలేడు. రూముల నలుగురు కూసోని తింటున్నట్టే గదా?"

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బావ లేచి లోపలికి పోయి, మస్కట్ కాగితాల మీద సంతకం పెట్టి వచ్చాడు.  మెట్లు దిగుతుంటే తెలిసింది, పాత సిద్ధాంతాన్ని తలకిందులు చేసి మళ్లీ అదే పని చేశానని. వేలు ఇంకా సముద్రంలోనే ఉంది.

బావ పోయిన రెండేళ్లూ నేను సరిగా నవ్వలేదంటే మీరు నమ్మరు. ప్రతి శుక్రవారం ఫోన్ చేసి "ఎట్లుంది బావా?" అనేవాణ్ని. "మంచిగనే ఉన్న" అనేవాడు. ఇంటికి ఫోన్ చేసే ప్రతివాడూ అదే అంటాడని, అక్కడ ఏ అవస్థలో ఉన్నా అదే అంటాడని, బల్ల మీది కబుర్లు అన్నేళ్లు విన్న నాకు తెలియదా? అక్క ఫోన్ చేస్తే చాలు, ఎత్తకముందే తిట్లకు సిద్ధపడేవాణ్ని. ఇప్పటికీ అదే దుకాణం, అదే మార్కరు. ఎవరైనా ఏ దేశం మంచిదని అడిగితే మార్కరు మూత పళ్లతో పట్టుకొని, మాట్లాడ్డానికి వీల్లేదని సైగ చేస్తాను. బల్ల మీద చరిచి తీర్పులు చెప్పిన ఆ పందొమ్మిదేళ్లవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి నోటికో ముడి వేసి ఉంటే బాగుండేదనిపిస్తుంది. మళ్లీ అంత ధైర్యంగా ఒక్క మాటైనా చెప్పగలిగితే బాగుండుననీ అనిపిస్తుంది.

బావ చుట్టీకి వచ్చి, తిరిగిపోయే ముందు పెట్టె కట్టించుకోవడానికి దుకాణానికి వచ్చాడు. అక్క ఇచ్చిన తొక్కు డబ్బాలు ఒక్కొక్కటే తూకం మీద పెట్టాను. నాలుగు. ఏడు. పదకొండు కిలోలు!  పాత లెక్కన అది నరకం, కొత్త లెక్కన స్వర్గం. రెండింటిలో ఏది నమ్మాలో తెలియక తాడు పట్టుకొని నిలబడ్డాను.

"ఒక్కనికి పదకొండు కిలోలా బావా?"

"ఒక్కనికి కాదు. రూముల ఇంకా ఆరుగురున్నరు. ఆ దినం జగిత్యాలల బెంచీల మీదున్నోళ్లే, నీ కాలర్ పట్టినాయన సుత. నీ ముచ్చట ఇని మస్కట్‌కే అచ్చిండ్రు."

ఆరుగురు! నేను బల్ల మీద కూలబడ్డాను. "నిజం చెప్పు బావా, ఆడ మంచిగుందా, లేదా?"

బావ అటూ ఇటూ చూసి, వంగి, నా చెవికి నోరానించాడు.

"మంచిగ లేకుంటే, గీ డబ్బల తొక్కు గాదు, నిన్ను కట్టి తెమ్మనేటోళ్లు బామ్మర్ది."