ముందు చెయ్యి, తరువాత నవ్వు

నేను ఏడో తరగతిలో బడి మానేసినప్పుడు నాకంటే మా పంతులే ఎక్కువ సంతోషించాడు. ఇవాళ పొద్దున సిలిండర్ మారుస్తుంటే గుప్పుమని గ్యాస్ వాసన వచ్చింది. నాకు జోకు తోచేలోపే చెయ్యి వెళ్ళి రెగ్యులేటర్ బంద్ చేసింది. నోటికంటే ముందు చెయ్యి కదలడం నాకు పుట్టుకతో రాలేదు. కామారెడ్డి ఖాదర్ సాబ్ నేర్పాడు.

ఎనభైల్లో మా దగ్గర గ్యాస్ పొయ్యిలు అప్పుడప్పుడే వస్తున్నాయి. పొయ్యితో పాటు ఇచ్చే జాగ్రత్తల పుస్తకాలు గ్యాస్ కంపెనీ తరఫున తెలుగులో రాసేది ఖాదర్ సాబే. నేను పొయ్యిలు బిగించే మెకానిక్‌ని. బిగిస్తూ ఆడవాళ్ళను నవ్విస్తానని విని, పిలిపించి, కొత్త పుస్తకం నన్నే రాయమన్నాడు. చదువు రాదన్నాను. "గందుకే పిలిచిన. సదువుకున్నోళ్ళు రాసింది ఎవ్వరు సదవక మేకుకు యాలాడుతది" అన్నాడు. కుదిరితే ఇకపై పుస్తకాలన్నీ నావే; కుదరకపోతే మళ్ళీ పానా పట్టుకోవడమే.

మూడు రోజులు కూర్చుని రాశాను. గ్యాస్ లీకయ్యే పేజీ నా గర్వం. ముందు అత్తగారి ముక్కు మీద నాలుగు వరుసల జోకు, ఆ తరువాతే ఏం చెయ్యాలో. ఖాదర్ సాబ్ చదివి పడీపడీ నవ్వాడు. ఇక అచ్చే అనుకుంటుంటే ఎల్లారెడ్డి బస్సెక్కించాడు. అచ్చుకు ముందు ప్రతి పుస్తకాన్నీ కొత్తగా పొయ్యి వచ్చిన ఇంట్లో చదివించడం, రాసినవాడు అక్కడ నోరు విప్పకపోవడం ఆయన కట్టడి. నాకు అంతకంటే పెద్ద శిక్ష ఉంటుందా?

ఎల్లారెడ్డిలో అలా కొత్తగా పొయ్యి వచ్చిన రాజవ్వ ఇంట్లో ఖాళీ సిలిండర్ బిగించాం. గ్యాస్ వాసన వస్తున్నట్టు అనుకోమన్నాడు. ఆమె కోడలు చదవాలి, రాజవ్వ విని చెయ్యాలి. అత్తగారి ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నేను పొంగిపోయాను. రాజవ్వ నవ్వుకుంటూనే, చీకటిగా ఉందని, లైటు స్విచ్చి వేసింది. రెగ్యులేటర్ మాట ఇంకా రెండు వరుసల దూరంలో ఉంది.

ఖాదర్ సాబ్ వెలుగుతున్న బల్బు వైపు వేలు చూపి, కాగితాలు నా చేతికిచ్చాడు. అరుగు మీదే తిరగరాశాను. రెగ్యులేటర్ బంద్ చెయ్యండి. స్విచ్చులు ముట్టకండి. తలుపులు తెరవండి. ముక్కు జోకు పేజీ అడుక్కి పోయింది. ఈసారి లైటు ఆర్పి, మొన్ననే పొయ్యి వచ్చిన పక్కింటామెను పిలిచాడు. కోడలు మొదటి వరుస చదివిందో లేదో ఆమె చెయ్యి రెగ్యులేటర్ మీద ఉంది. స్విచ్చి జోలికి పోలేదు. తలుపు తీసి, గాలి తగిలాక, అప్పుడు నవ్వింది. మూసుకున్న నోటితోనే ఎగిరి గంతేశాను.

తరువాత చాలా ఏళ్ళు ఆ కంపెనీకి రాశాను. ఇప్పటికీ ఏది రాయబోయినా మొదటి వరుస దగ్గర ఆ బల్బు వెలుగుతుంది. అయితే ఆ తొలి పుస్తకాల కట్ట వచ్చిన రోజు నా ధ్యాసంతా వేరు. ఆత్రంగా తాడు తెంచి, అట్ట ముందూ వెనకా తిప్పి చూసి, పెద్ద అక్షరాల్లో ఉంటదనుకున్న నా పేరేది సాబ్ అని నిలదీశాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నాడు: "పెడ్తె ముందుగాల గదే సదువుతరు. అంతల ఇల్లంత గ్యాస్ నిండుతది."