వంటింటి బండ

మా వంటింటికి కట్టిన గోడలు మూడే. నాలుగోది బండ. పంజాగుట్ట సందులో ఆ ఇల్లు కట్టినవాళ్ళు దాన్ని పగలగొట్టే ఓపిక లేక దానికే ఆనించి రేకులు వేసేశారు.

అమీర్‌పేటలో పోటీ పరీక్షల పిల్లలకు నేను భూగోళం చెబుతాను. శిలల పాఠానికి నాకు ఆ వంటిల్లే చాలు. కింద పరిచిన షాబాద్ బండలు ఒకప్పుడు సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్న సున్నపు బురద. దేవుడి గూట్లో పాలరాయి కూడా మొదట సున్నపురాయే. భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ రూపు మార్చుకుంది. గోడబండ మాత్రం కరిగిన శిలాద్రవం. ఎంతో లోతున, పైన మోయలేనంత బరువు కింద, నింపాదిగా చల్లారి గ్రానైట్ అయింది. ఆ బరువు తొలగితే ఉబ్బి, ఉల్లిపాయలా పొరలు విడుస్తుంది. ఈ మాట ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో!

మొన్న వేసవిలో పక్క స్థలంలో సెల్లార్ తవ్వకం మొదలైంది. బండ అవతలి సగం వాళ్ళది, దాన్ని కొట్టేస్తున్నారు. మిషన్ మోగినప్పుడల్లా మా గిన్నెలు వణికేవి. ఇల్లు మారదామంటే అత్తమ్మ వినదు.

"కాపురానికి వచ్చినకాడి నుంచి గీ బండ పక్కనే వండుతున్న. గది నన్నేం చేస్తది? నీకు చదువెక్కువై ఫికర్ పట్టుకున్నది."

నాకు ఒళ్ళు మండేది. బండకున్న సన్నని పగులులో ఆమె ఎప్పుడో ఒక ఇనప గరిటె కాడ దిగ్గొట్టి, దానికి జల్లెడ తగిలించుకుంది. కడుగుదామని నేను రెండు చేతులా లాగినా అది ఊడిరాలేదు.

ఒక పొద్దున క్లాసుకు చెప్పులు వేసుకుంటుంటే వంటింట్లో ఖంగుమంది. గరిటె, జల్లెడ నేలమీద పడి ఉన్నాయి. అత్తమ్మ పప్పు కలుపుతూనే, "జర ఎత్తి తగిలియ్యి" అంది.

పగులులో పెట్టాను. కాడ నిలవలేదు. వేలు పెట్టి చూశాను. వేలు దూరింది.

గ్యాస్ కట్టేశాను.

"బయటికి నడువు అత్తమ్మా."

"పప్పు సగమే ఉడికింది."

"పోతే పోనీ, నడువు!"

ఆమె మీద అంత గొంతెత్తడం అదే మొదలు. రెక్క పట్టి ఈడ్చుకొచ్చాను. అవతలివాళ్ళను కేకేసి మిషన్ ఆపించాను. సందంతా మమ్మల్నే చూస్తోంది. ఎంతసేపు నిలబడ్డా ఏమీ కాలేదు.

"నలుగుర్ల ఇజ్జత్ తీసినవ్" అంటూ ఆమె లోపలికి తిరిగింది. నేను మణికట్టు వదల్లేదు.

అప్పుడు లోపల బస్తా దించినట్టు ఒక్క చప్పుడు. గుమ్మంలోంచి దుమ్ము.

దుమ్ము తగ్గాక చూస్తే పొయ్యి లేదు. ఆమె నిలబడే చోట తలుపంత పలక పడి ఉంది. దాని వెనక బండ లేత గులాబీరంగులో మెరుస్తోంది.

"లోపల ఇంకెన్ని పొరలున్నయి బిడ్డా?" అంది అత్తమ్మ.

"చెప్పలేం అత్తమ్మా."

ఆ సాయంత్రం శ్రీనగర్ కాలనీలో అద్దె ఇల్లు చూడ్డానికి నాకంటే ముందు ఆమే నడిచింది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, నాలుగు గోడలనూ అరచేత్తో తట్టి చూసుకుంది.