పాముకు మేనరికం

నేను విదేశానికి చదువుకొచ్చిన ఆ రోజుల్లో, ఏజాక్స్ ఊళ్ళో పార్ట్‌టైమ్ జాబ్ దొరకడమంటే మాటలు కాదు. కాఫీ షాపులో ఒక్క ఖాళీ ఉందంటే మా కాలేజీ తెలుగువాళ్ళమంతా రెజ్యూమెలు పట్టుకుని లైన్లో నిలబడేవాళ్ళం. అలాంటిది నన్ను పిలిచి మరీ ఉద్యోగమిచ్చినవాడు పాములు పెంచే ఒక ముసలాయన. (ఇంటికి ఫోన్ చేసి ‘పెట్ కేర్’ అని మాత్రమే చెప్పాను.) అవి విషం లేని కార్న్ స్నేక్స్. రంగురంగుల పిల్లల కోసం ఏ మగదాన్ని ఏ ఆడదానితో కలపాలో ఆయన ముందే చార్టు వేసుకునేవాడు.

ఒక వసంతంలో మోకాలి ఆపరేషన్‌కు వెళ్తూ ఆ చార్టు నా చేతిలో పెట్టాడు. “ఈ జంట కోసం మూడేళ్ళు ఆగాను. ఒక్క తెల్లపిల్ల పుడితే చాలు,” అన్నాడు. చూడబోతే రెండూ మామూలు ఎర్రమచ్చలవే. రికార్డు తిరగేశాను. రెండింటికీ తల్లీ తండ్రీ ఒక్కరే! (తండ్రి తెల్లపామని కూడా అక్కడే రాసుంది. నేను చదివింది బంధుత్వాలే.) పరుగున వెళ్ళి మా బేస్‌మెంట్ పైన ఉండే ఓనర్ ఆంటీకి చెప్పాను. ఊళ్ళో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు సగం ఆవిడ కుదిర్చినవే.

“శివ శివా, అన్నాచెల్లెళ్ళా! ఆయన చూసుకోకుండా రాసుంటాడు బాబూ. పిల్లాడి మేనమామకి కూతుళ్ళు లేరా?”

“ఒకటుంది ఆంటీ. పక్క డబ్బాలోనే.”

“ఇంకేం మరి!”

ముసలాయన్ని మహాపాపం నుంచి కాపాడుతున్నానన్న గర్వంతో మేనరికం కలిపేశాను. వేసవి చివర్లో గుడ్లు పగిలాయి. పద్దెనిమిది పిల్లలు, అన్నీ ఎర్రమచ్చలవే. ఆయన చేతికర్రతో నిలబడి రెండుసార్లు లెక్కపెట్టాడు. నేను జరిగింది చెప్పేశాను.

“తెలుపు తండ్రి వైపుది. ఆ ఇద్దరిలోనూ పైకి కనబడకుండా దాగుంది. రెండు వైపులా ఉంటేనే బయటపడుతుంది. నువ్వు తల్లి వైపు వెళ్ళావు,” అని కూలబడ్డాడు. ఉద్యోగం పోతుందన్న భయం కంటే ఆ ముఖం చూసినందుకే నాకు ఏడుపొచ్చింది. చేతికర్ర మీద గడ్డం ఆనించి అడిగాడు: “మీ వైపు నిజంగా మేనమామ కూతుర్ని చేసుకుంటారా?”

“మా అమ్మానాన్నలది అదే సంబంధం సర్.”

ఆయన నవ్విన నవ్వుకు చేతికర్ర కింద పడింది.

మరుసటేడు ఆయన చార్టు ప్రకారమే జరిగింది, ఒక్క తెల్లపిల్ల పుట్టింది. దాన్ని చూడ్డానికి ఆంటీని తీసుకెళ్ళాను. “పిల్ల ముత్యంలా ఉంది,” అని, నా చెవిలో, “ఎవరి పిల్లో మనవాళ్ళెవరికీ చెప్పకు,” అన్నారు.

ముసలాయన ఇప్పుడు లేడు. నా మేనరికపు పద్దెనిమిది పిల్లల్లో ఒకదాన్ని ఆయనే నాకిచ్చాడు. అది ఇవాళ్టికీ మిల్టన్ ఊళ్ళో ఉన్న మా ఇంట్లో హాయిగా, ఒంటరిగా ఉంది. ఇంటికొచ్చినవాళ్ళు ఎవరి సంబంధం గురించైనా సలహా అడిగితే, నేను లేచి దాని నీళ్ళు మార్చడానికి వెళ్ళిపోతాను.