పిన్ని పెట్టిన ఎర్ర చుక్కలు

మా పిన్ని కంటి ఆసుపత్రిలో రిసెప్షనిస్టు. జీతం ఇచ్చేది ఫోన్లు ఎత్తి చీటీలు రాసినందుకే అయినా, ఇరవై రెండేళ్ళుగా ఆవిడ మనసంతా అక్కడి నోటీసు బోర్డు మీదే. చూపు ఆననివాళ్ళు గుమ్మంలోంచే చదువుకోవాలని పెద్ద పెద్ద అక్షరాలు, ప్రతి సూచనకీ ముందు రేగుపండంత ఎర్ర చుక్క. లైనుకీ లైనుకీ మధ్య రెండు వేళ్ళ ఎడం. నిజంగానే వేళ్ళు పెట్టి కొలిచేది. ఒక్క చుక్క పక్కకి జరిగినా కాగితం చించేసి మళ్ళీ మొదలుపెట్టేది.

కిందటి నెల ఆ బోర్డు తీసేసి టీవీ పెట్టారు. ఇకమీదట సూచనలన్నీ వెబ్‌సైట్‌లోనే అన్నారు. పిన్ని తిన్నగా పెద్ద డాక్టరుగారి గదిలోకి వెళ్ళి, ఆ పనీ తనకే ఇమ్మంది. ముందు ఒక పేజీ చేసి చూపించమన్నారాయన. బాగుంటే అన్నీ ఆవిడవే, లేకపోతే బయటి కంపెనీకి.

కంప్యూటరుకి చేతిరాతతో పనేముందని బాబాయి అడిగాడు. పిన్ని ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ప్రాణం హాయిగా ఉందని ఆయన నా చెవిలో చెప్పాడు.

తప్పులు దిద్దడానికి నన్ను పిలిచింది. ఏయే లక్షణాలుంటే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి రావాలో చెప్పే పేజీ అది. టైపు చేసే పెట్టె పైన బొత్తాల వరస ఉంది. అందులో జాబితా బొత్తాం నొక్కితే ఆవగింజల్లాంటి నల్ల చుక్కలు వచ్చాయి.

"ఇవి కనిపించేట్టయితే వీళ్ళు మన దగ్గరికెందుకొస్తారే?" అంది పిన్ని.

లైనంతా ఎర్రగా చేస్తే చుక్కా ఎర్రబడింది. అక్షరాలు మళ్ళీ నల్లగా మారిస్తే అదీ నల్లబడింది. ఇలా అక్షరాలు ఆడించినట్టల్లా ఆడే చుక్క తనకొద్దని, ఎక్కడినుంచో ఒక లావుపాటి చుక్కని తెచ్చి, దానికి ఎర్ర రంగు పూసి, ప్రతి వాక్యం ముందూ తనే అతికించింది. ఎంటర్ కొడితే మధ్యలో మూడు వేళ్ళ ఖాళీ వస్తోంది. తెరమీద వేళ్ళు పెట్టి చూసుకుని పెదవి విరిచింది. ఆ తర్వాత ఎంటర్ జోలికే పోలేదు. వాక్యం అయ్యాక కింది లైను వచ్చేదాకా స్పేస్ బార్ నొక్కుకుంటూ పోయింది, టకటకా. ఇది ఇలా కాదేమోనని నాకు అనిపించింది కానీ, నేను అక్షరదోషాలు దిద్దుకుంటూ కూర్చున్నాను. పైగా ఆ తెరమీద నిజంగా ముచ్చటగా ఉంది. డాక్టరుగారు కూడా తన గదిలో కంప్యూటరు మీద చూసి, వెబ్‌సైట్‌లో పెట్టెయ్యమని తలాడించారు.

సోమవారం పొద్దున్నే నలుగురు చెప్పాపెట్టకుండా వచ్చేశారు. అందరిదీ ఒకటే గోల, కళ్ళ ముందు ఎర్ర చుక్కలు కనిపిస్తున్నాయని. డాక్టరుగారు నలుగురి కళ్ళలోనూ మందు వేసి గంటన్నర పరీక్షించారు. ఎవరికీ ఏమీ లేదు. అవి ఎప్పుడు కనిపిస్తాయని అడిగితే, వాళ్ళలో ఒక ముసలి బస్సు డ్రైవరు, ఇది చదివేటప్పుడేనండీ అంటూ ఫోన్ తీసి ఇచ్చాడు. అది పిన్ని పేజీయే. వెడల్పు తెరకి కొలిచి పెట్టిన ఖాళీలు చిన్న తెరమీద చెల్లాచెదురయ్యాయి. ఒక చుక్క వాక్యం నడుమ, ఒకటి అంచున వేలాడుతూ, ఇంకొకటి ఎవరికీ కాకుండా ఒంటరిగా. అన్నిటికన్నా పైన ఉన్న మాట, 'కళ్ళ ముందు చుక్కలు తేలుతున్నట్టు కనిపించడం.'

డాక్టరుగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశారు. "నాకూ కనిపిస్తున్నాయి," అన్నారు.

కంపెనీవాళ్ళని మర్నాడే రమ్మన్నారు. పిన్ని వాదించలేదు. బోర్డయితే గుమ్మంలో నిలబడి చూసుకునేదాన్నని, ఇది ఎవరి చేతిలో ఎలా కనిపిస్తుందో చూసుకోకపోవడం తన తప్పేనని ఒప్పుకుని, మర్నాడు పదింటిదాకా గడువు అడిగింది.

సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆ ఖాళీలన్నీ చెరిపేసి, జాబితా బొత్తాంతోనే మళ్ళీ చేశాం, ఏడు లక్షణాలకి ఏడు చుక్కలు. లైనంతా పెద్దది చేస్తే చుక్కా పెద్దదయింది. నలుపుకి పిన్ని కష్టంమీద ఒప్పుకుంది.

పొద్దున నేనూ వెంట వెళ్ళాను. హాల్లో కూర్చున్న ఒక్కొక్కరి దగ్గరికీ పిన్ని వెళ్ళి, ఆ పేజీ వాళ్ళ ఫోన్లోనే తెరిపించి, ఎన్ని చుక్కలున్నాయో లెక్కపెట్టమంది. మొదటాయన ఏడన్నాడు. పక్కావిడా ఏడే అంది. డాక్టరుగారు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. చివరి కుర్చీలో ఉన్న స్కూలు మాస్టారు, వేలితో రెండుసార్లు లెక్కపెట్టి, పదకొండన్నాడు.

పిన్ని మొహం పాలిపోయింది. ఆ ఫోన్ లాక్కున్నంత పని చేసి చూసుకుంది. ఏడే. కాసేపు ఆయన కళ్ళకేసి చూసి, ఫోన్ వెనక్కి ఇవ్వకుండా, ఎదురుగా ఉన్న తెల్లగోడ చూపించింది.

"ఇప్పుడెన్ని, మాస్టారూ?"

"నాలుగమ్మా. కదులుతున్నాయి."

పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని లేపి, వరస తప్పించి, నేరుగా తలుపు దగ్గరికి నడిపించుకెళ్ళింది.

"డాక్టరుగారూ, ఈ నాలుగూ నావి కావండీ."

డాక్టరుగారు మాస్టారుని వెంటనే లోపలికి తీసుకెళ్తూ, కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి రానక్కర్లేదని చెప్పమన్నారు. ఆసుపత్రి ఫోన్లు చెయ్యడం పిన్ని పనే కాబట్టి ఆ మాట ఆవిడే చెప్పింది, ఎంతో మర్యాదగా, రెండుసార్లు.