మూడుసార్లు కడిగిన కాళ్ళు

తప్పు నాదే. ఏసు శిష్యులకి కడిగినట్టు పాదాలు కడిగే సభకి ఒక పేదవాడు కావాలంటూ పోస్టరు అయ్యగారి మనుషులు మా ప్రింటింగు షాపుకి వచ్చినప్పుడు, తమాషా చూద్దామని బాబాయి పేరు రాసిచ్చింది నేనే.

బాబాయి చెప్పులు కుడతాడు. ఆదివారం కొట్టు వెనక గదిలో పదకొండు మందికి బైబిలు వాక్యం చెబుతాడు. శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా ఆసుపత్రిలో మంచాన పడ్డవాళ్ళ కాలిగోళ్ళు తీస్తాడు. అక్కడ మాత్రం వాక్యం చెప్పడు. "కదలకండి" అంటాడు, అంతే. దాంతో ఊరు ఆయనకి గోళ్ళ అయ్యగారని పేరు పెట్టేసింది.

పోస్టరు అయ్యగారూ పాస్టరే, కానీ ఆయన సంగతి వేరు. గోరంతని కొండంత చేయడమే ఆయన సేవ. ఆయన పోస్టర్లు వేసేది మేమే కాబట్టి నాకు తెలుసు: దేవుడి పేరు చీమతలంత, ఈయన మొహం ఏనుగంత. పోయిన నెల సిలువ భుజానికి అడ్డొస్తోందని తీసేయించారు. "వినయానికి మారుపేరు" అన్న బిరుదు మాత్రం ఇంకాస్త లావు అక్షరాల్లో వేయమన్నారు.

పిలిస్తే రానంటే పొగరనుకుంటారని బాబాయి ఒప్పుకున్నాడు. కానీ సభ శనివారం. ఏడో మంచం మీది ముసలి టీచరమ్మకి బొటనవేలి గోరు లోపలికి పెరిగి, దుప్పటి తగిలినా ప్రాణం పోతోంది. బాబాయిని తప్ప ఎవర్నీ ముట్టుకోనివ్వదు. శనివారం తీస్తానని ఆయన మాటిచ్చాడు. ఐదు కొడితే వార్డుకి తాళం.

"మూడున్నరకల్లా వదిలేస్తారా?" అని అడిగాడు.

"రెండు నిమిషాల పని పెద్దాయనా," అన్నాడు సభ మేనేజరు.

రెండింటికి తెర వెనక ఒకమ్మాయి ఆయన కాళ్ళు సబ్బు పెట్టి రుద్ది రుద్ది కడిగింది.

"కడగడానికేగా పిలిచారు, మళ్ళీ ఇదేంటమ్మా?"

"మురికి కాళ్ళు అయ్యగారు ముట్టుకోరండీ."

ఆ వెనకే ఇంకొకడు వచ్చి, మరీ తెల్లగా ఉన్నాయి, కెమెరాకి పేదకాళ్ళలా ఆనవని, మడమలకి మట్టిరంగు పొడి అద్దాడు.

పోస్టరు అయ్యగారు మూడున్నర దాటాక దయచేశారు. మోకాళ్ళ కింద మెత్త వేయించుకుని మోకరించారు. నీళ్ళు పోశారు, కన్నీళ్ళు తుడుచుకున్నారు. కెమెరావాడు చెయ్యి ఊపాడు, మొహం మీద లైటు పడలేదట. మళ్ళీ పొడి, మళ్ళీ నీళ్ళు. ఈసారి కన్నీరు ఎడమ కంట కారింది, కెమెరా కుడివైపు ఉంది. రెండోసారి ఆమెన్ అనేసరికి జనం గొంతులు కూడా సగం పడిపోయాయి.

గోడ గడియారంలో నాలుగుంబావు. పొడివాడు మళ్ళీ వంగబోతే బాబాయి కాళ్ళు వెనక్కి లాక్కుని లేచాడు.

"కూర్చోవయ్యా," అన్నారు పోస్టరు అయ్యగారు, నవ్వు చెరగనివ్వకుండా, పళ్ళ సందుల్లోంచి. "నేనే నీ కాళ్ళు పట్టుకున్నాను, ఇంకేం కావాలి నీకు?"

"వదిలితే చాలండి. అవతల నేను పట్టుకోవాల్సిన కాళ్ళున్నాయి."

అయ్యగారి కోటుకి తగిలించిన మైకు ఆ మాటని హాలంతా పంచిపెట్టింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. బాబాయి చెప్పులు చేత్తో పట్టుకుని, నడవ పొడుగునా తడి అడుగులు వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

వార్డు చేరేసరికి ఐదుకి పది నిమిషాలుంది. టీచరమ్మ కాలు దుప్పటి బయట పెట్టుకుని కాచుకుని ఉంది.

"ఆలస్యం. చేతులు కడుక్కున్నావా?"

"కాళ్ళయితే మూడుసార్లు కడిగారండి. చేతులు ఇప్పుడు కడుక్కుంటా."

సగం గోరు తీసేసరికి ఐదు కొట్టింది. నర్సు తాళం పట్టుకుని వచ్చింది. ఓ క్షణం చూసి, తాళం జేబులో వేసుకుని వెళ్ళిపోయింది.

వీడియో బయటికొచ్చింది. అందులో బాబాయి మొహం లేదు, రెండు కాళ్ళున్నాయి, మిగతాదంతా అయ్యగారే. నాకు ఒళ్ళు మండి ఇదంతా రాసి, కొట్టుకెళ్ళి చదివి వినిపించాను. "అచ్చువేస్తాను బాబాయ్. నువ్వేంటో జనానికి తెలియాలి" అన్నాను.

బాబాయి చెప్పులోంచి సూది లాగి, దారం పంటితో కొరికాడు.

"ఆయన నా కాళ్ళతో సరిపెట్టుకున్నాడు. నువ్వు తల దాకా పట్టుకుపోతున్నావు. మీ ఇద్దరిలో ఎవరు నయంరా?"