జింకు సంచిలో జింకు లేదు

మా బయోకెమిస్ట్రీ మేడమ్ పోయిన వారం చనిపోయారు. కబురు ఫోన్లో చెప్పిన పాత క్లాస్‌మేట్, "గుండెపోటంట. సంతాపసభ కాలేజీలోనే పెడతాండారు" అన్నాడు. ఆమె చేతిలోంచి ల్యాబు తాళం లాక్కున్న కాలేజీ అది. నాకు బాధ కంటే ముందు రోత పుట్టింది.

తొంభైల చివర్లో నేను అనంతపురంలో డిగ్రీ చదివేవాణ్ణి. ఎంజైముల పాఠం రోజు మేడమ్ పుస్తకం తెరిచేవారు కాదు. "సారాయిని విరగ్గొట్టే ఎంజైము మన కాలేయంలో ఉండాది. దాంట్లో జింకు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి పని చేస్తుంది. ఇంకోటి ఎంజైము ఆకారం చెదరకుండా పట్టుకుంటుంది. జింకు తీసేస్తే ప్రోటీను మిగులుతుంది, పని మిగలదు" అనేవారు. మొక్కల ఎంజైములకూ జింకు కావాలని చెప్పింది ఆమే.

ఆ ఏడు కుందుర్పి దగ్గర మా చేనిలో శెనక్కాయ చెట్లు పాలిపోయి గిడసబారినాయి. మా నాయన జింకు సల్ఫేట్ సంచి తెచ్చి చల్లినాడు. వాన పడినా పైరు లేవలేదు. ఆ పొడి పిడికెడు పొట్లం కట్టుకుపోయి మేడమ్‌కు ఇచ్చాను.

ఆమె దాన్ని నీళ్లలో కరిగించి కాస్టిక్ సోడా ద్రావణం చుక్కలు చుక్కలుగా వేశారు. తెల్లగా విరిగింది. "జింకు అయితే ఇంకా పోసేకొద్దీ ఈ తెలుపు కరిగిపోవాల" అంటూ పోశారు. కరగలేదు.

"మెగ్నీషియం సల్ఫేట్. చవక సరుకు."

"మెగ్నీషియం గూడా మొక్కకు కావాల్సిందే కదా మేడమ్?"

"కావాల. ఆకు పచ్చదనంలో ఉండేది అదే. కానీ జింకు చేసే పని అది చెయ్యదు." అన్నంలో పురుగు చూసినట్టు మొహం పెట్టి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నారు. "తెలీక చేస్తే తప్పు. ఇది తెలిసి చేసింది. కంపు."

ఆ తర్వాత రైతులు పొట్లాలతో రావడం మొదలైంది. ఎక్కువ పొట్లాలు ఒకే ఎరువుల అంగడివి. రాజకీయాల్లో తిరిగే ఆ అంగడాయన ఒకరోజు మైసూరుపాకు పెట్టెతో ల్యాబుకు వచ్చినాడు. "ఏమ్మా, పిల్లోళ్లకు పాఠాలు చెప్పుకోక ఇదంతా మీకెందుకు?"

"మీ సరుకే. మీ ముందరే పరీక్ష చేస్తా, కూర్చోండి" అన్నారు మేడమ్.

ఆయన కూర్చోలేదు. వారం తిరక్కుండా ప్రిన్సిపాల్ ల్యాబు తాళం తీసేసుకున్నాడు. మేడమ్ ఇంటి వరండాలో పరీక్షలు చేస్తూనే ఉన్నారు. అంగడి మూతపడలేదు, బోర్డు మీద పేరు మారిందంతే. మా ఊరివాళ్లు మాత్రం పొడిని ఆమెకు చూపించకుండా చేన్లో చల్లడం మానేశారు. నేను ఈరోజు గుంతకల్లులో కెమిస్ట్రీ చెప్పి బతుకుతున్నది ఆ వరండాలో నేర్చుకున్నదానితోనే.

సంతాపసభకు నాయన కూడా వచ్చాడు. ఆ పాత ప్రిన్సిపాలే మైకు పట్టుకుని, "ఆమె సైన్సును పొలాలకు తీసుకుపోయింది. నేనెంతో ప్రోత్సహించినాను" అన్నాడు. ఫోటోకు వేసిన దండల్లో అన్నిటికంటే పెద్దదానికి ఒక రిబ్బను, దాని మీద పేరు. నాయనకు చదువు రాదు.

"ఎవరిదప్పా అంత దండ?"

"ఆ జింకు అంగడాయనది, నాయనా."

నాయన అందరూ చూస్తుండగానే లేచి వెళ్లి, ఆ దండ తీసి, బయట మెట్ల పక్కన పడేసి వచ్చాడు. పంచెకు చేతులు తుడుచుకుని నా పక్కన కూర్చున్నాడు.

అప్పుడు గానీ ఫోటో మొత్తం కనబడలేదు. ల్యాబు బల్ల దగ్గర తీసింది. దండ వెనక ఇంతసేపూ ఆమె కుడిచెయ్యి దాగి ఉంది. వేళ్ల కొనల మీద పరీక్షల్లో వాడే సిల్వర్ నైట్రేట్ మచ్చలు, ఎంత కడిగినా పోనివి, నల్లగా.